ఏడో రాయి

శనివారం పొద్దున్నే
పదకొండు మందిమి, రెండు గడ్డపారలు, ఒక పాత నక్షా.
మడతల దగ్గర చిరిగి
కాగితం మీదే చెరువు నాలుగు ముక్కలైంది.

నారెప్ప చెప్పులు విప్పి గట్టు కింద పెట్టాడు.
సర్వే ఆఫీసులో ముప్పై రెండేళ్లు గొలుసు లాగినవాడు.
"సారు పుస్తకంలో రాసుకుంటా ఉండె,
ముల్లు నా కాల్లో దిగతా ఉండె.
అందుకే నాకు గ్యాపకం" అన్నాడు
సగం కన్నడం కలిసిన కోలారు తెలుగులో.

కొక్కరె కుంటె అంటారు దీన్ని. కొంగల పేరు.
ఇప్పుడు కొంగలు తక్కువ, లారీలు ఎక్కువ.
రాత్రి రెండింటికి వచ్చి
ఎవరి ఇంటి గోడలో, ఎవరి బాత్రూం టైల్సో
జమ్ములోకి కుమ్మరించి పోతాయి.
తెల్లారేసరికి నీలం పూల టైలు మీద
ఒక నీటికోడి నిలబడి ఉంటుంది,
సామాను ఇంకా దిగని కొత్త ఇంట్లో
ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు.

ఇక్కడ వంద అడుగుల రోడ్డు వస్తుందట.
ఆ నోటీసులో చిత్తడి అనే మాట లేదు.
"ఉపయోగంలో లేని భూమి" అని ఉంది.
చౌడమ్మ ఆ ముక్క నాచేత రెండుసార్లు చదివించుకుంది.
రెండు ఎనుములు, దినానికి నాలుగు మోపుల గడ్డి,
ఇరవై ఏళ్లు.
"ఎవురికి ఉపయోగం లేదంట?" అని అడిగి
జవాబు కోసం నిజంగానే ఆగింది.

పద్నాలుగు హద్దురాళ్లు చూపించాలి మేము.
లేకపోతే నీళ్లున్నంత మేరే చెరువంటారు వాళ్లు,
మే నెలలో వచ్చి చూసి సంతకం పెడతారు.

మొదటిది తుమ్మచెట్టు మొదట్లో.
రెండోది టీకొట్టు మెట్టయిపోయింది;
సుల్తాన్ బాషా గ్లాసులు పక్కకి జరిపి
తనే గడ్డపార అందుకున్నాడు.
మూడు, నాలుగు మోకాటి లోతు బురదలో,
తడిమితే వేళ్లకి తగిలాయి.
ఐదు లేదు.
ఆరోదానికి ఎవరో పసుపు పూసి మొక్కుతున్నారు,
దేవుడైంది కాబట్టి బతికింది.

ఆరు నుంచి ఏడుకి పదమూడు గొలుసులు, తూర్పుకి వాలి.
నారెప్ప అడుగులు లెక్కపెడుతూ నడిచాడు.
కంప దాటాడు, మురుగుకాలువ దాటాడు,
మా అపార్ట్‌మెంట్ గోడ దగ్గర ఆగి
గేటు తియ్యమన్నాడు.

వాచ్‌మన్ నావైపు చూశాడు.
నేను గేటువైపు చూశాను.

ర్యాంపు దిగి, చీకట్లో ఇంకా తొమ్మిది అడుగులు వేసి
ఒక తెల్లకారు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.
"ఇదే. రాయి పోయుంటాది, తవ్వినప్పుడే.
జాగా యాడికి పోతాది?"

బి-ఇరవై మూడు. కారు నాది.

వానాకాలమంతా ఇక్కడ పంపు ఆగదు.
లిఫ్టు గుంతలో రాత్రిళ్లు కప్పలు అరుస్తాయి.
మందు కొట్టించమని సెక్రటరీకి
మూడు అర్జీలు నేనే రాశాను,
అవి దారి తప్పి వచ్చాయనుకుని.

"ఏడు వదిలేద్దాం, మిగతావి చాలు,"
చెవి దగ్గర ప్రభంజన్. బి-ఇరవై నాలుగు అతనిది.
తెలివితక్కువ మాట కాదు.
ఏడు రాస్తే వాళ్ల వకీలు లేచి నవ్వుతాడు,
చెరువులో కాపురముండి చెరువు కోసం వచ్చారా అని.
నవ్వుకోనీ అనేంత ధైర్యం
ఆ బేస్‌మెంట్‌లో నాకు లేదు.

చౌడమ్మ గోడకి చెయ్యి ఆనించింది.
తడి చూసుకుని, చెంగుకి తుడుచుకుని,
"ఈడ తుంగ బాగా ఉండె" అంది.
అంతే. నన్నేమీ అనలేదు.
అని ఉంటే ఏదో ఒకటి జవాబు చెప్పేదాన్ని.

ఆదివారం రాత్రి పట్టిక రాయడానికి కూర్చున్నాను.
ఐదు: దొరకలేదు.
ఆరు: ఉంది, పసుపుతో.
ఏడు దగ్గర పెన్ను ఆగిపోయింది.
కింద పంపు ఆన్ అయింది. చాలాసేపు విన్నాను.
ఏడు: రాయి లేదు. జాగా ఉంది.
నా కారు కింద.

సోమవారం విచారణ వాయిదా పడింది.
వచ్చే శనివారం ఎనిమిదో రాయికి పోతున్నాం.
పాము బూట్లున్నవాళ్లు వేసుకోండి,
లేనివాళ్లు నా వెనకాల రండి అన్నాడు నారెప్ప.