పదకొండో రాత్రి

ఫహాహీల్‌లో మూడో అంతస్తు.
పరిశోధన వాళ్ళిచ్చిన బూడిదరంగు పట్టీ
చరణి మణికట్టుకి గుచ్చుకునేది.
వాళ్ళ నాన్న పాత సాక్సు కత్తిరించి
లోపలివైపు కుట్టాక
ఒప్పుకుంది.

రెండున్నరకి లేస్తుంది.
ఏసీ హోరుతో శ్రుతి కలిపి
ఊఁ... ఊఁ... అంటూ
తలుపు దాకా, కిటికీ దాకా,
మళ్ళీ తలుపు దాకా.
వెనకే నేను.
నా చేతికి పట్టీ లేదు.

డాక్టర్ అన్‌ఫాల్ ఫోన్ చేసింది:
పదకొండో రాత్రి ఏదో పొరపాటు,
తెల్లవార్లూ నడకే,
పొద్దున ఏడింటి నుంచి
రాయిలా నిద్ర.

పొరపాటు కాదు.
రిఫైనరీలో నైట్ డ్యూటీకి బయల్దేరిన నాన్న చేతికి
తనే కట్టింది,
ఎవరి చెయ్యీ తాకని పిల్ల.
ఆయన విప్పలేదు.

ఆ రాత్రిని లెక్కలోంచి తీసేస్తారట.
తీసేసే ముందు
ఆ గీత నాకొకటి
కాగితం మీద ఇమ్మన్నాను.