చెక్కుబంది

పత్రం రాసేముందు ఇల్లు చూడాలంటాను నేను.
కాగితానికి కాళ్ళెందుకని కక్షిదారులు నవ్వుతారు.
అయినా నిన్న కాక్స్ టౌన్ వెళ్ళాను, కిల్‌డ్రిన్ బంగ్లాకి.
ఆటోవాడికి ఆ పేరు తెలీదు.
కోటె మనె అన్నాక తిన్నగా తెచ్చి దింపాడు.

ఎదురుగా నిలబడితే కోటే.
ఎనిమిది పలకల బురుజు,
పళ్ళూడిన దువ్వెనలాంటి పిట్టగోడ,
బాణం వెయ్యడానికన్నట్టు సన్నటి నిలువు కిటికీలు.
పక్కసందులోంచి వెనక్కి వెళ్తే
మంగుళూరు పెంకులు, పొగగొట్టం, బట్టల తీగ.
ముందు కోట, వెనక పెంకుటిల్లు.

పిట్టగోడ రాయి కూడా కాదు.
గోరు తగిలితే సున్నం రాలింది.
లోపల ఇటుక, ఇటుక మీద బొటనవేలి గుంట.
హిందూపురం వైపు నుంచి పనికొచ్చిన
ఏ ఒడ్డె గంగులప్పదో, అతని పెళ్ళానిదో.
సబ్ రిజిస్ట్రారు ముందు వెయ్యని వేలిముద్ర.

కట్టించింది గిల్‌మార్టిన్ దొర, పల్టను జీతాల గుమాస్తా.
ఇంగ్లీషువాడు కాదు, ఐర్లండువాడు.
వాళ్ళ నాన్న అక్కడ ఏదో కోటకి ఏటా శిస్తు మోసేవాడట,
గేటు దగ్గర టోపీ తీసి నిలబడేవాడట.
కొడుకు సముద్రాలు దాటొచ్చి
తను టోపీ తియ్యక్కర్లేని కోట కట్టుకున్నాడు.
ఆ గేటు దగ్గర మనచేత చెప్పులు విప్పించాడు.

తర్వాతి కథంతా నా సంచిలో ఉంది.
ఇంగ్లీషులో ఉన్నా, కన్నడంలో ఉన్నా,
మా తాత తెలుగులో చెప్పి రాయించినా, ఒకటే మాట:
నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా
పుత్ర పౌత్ర పారంపర్యంగా
ఆచంద్రార్కం అనుభవించవలసినది.
వేదగిరి మొదలియారుకి సూర్యచంద్రులు పదకొండేళ్ళు వెలిగారు.
బూట్లకి తోళ్ళమ్మిన ఇబ్రహీం సేటుకి
యుద్ధం ఆగేదాకా.

మాలూరు పెంకుల ఫ్యాక్టరీ సిద్దమ్మ
రొక్కం మూటగట్టుకొచ్చి కొంది. నిశానీ వేసింది.
తుపాకులు ఆన్చే సందుల్లో
మిరపకాయలు ఎండబోసింది.
రైల్లో పోయేవాళ్ళు కోటలో పండగనుకునేవారట.

ఆమె మనవళ్ళు కోర్టుకెక్కాక నర్సింగ్ హోమ్.
బురుజు గది కాన్పుల గది.
నేను పుట్టింది అక్కడే, బాణాల కిటికీ కింద.
నూట ఇరవై రూపాయల బిల్లు అమ్మ ఇంకా దాచింది.
ఆ ఇంటి మీద
మా కుటుంబానికున్న కాగితం అదొక్కటి.

యజమానులు మారినా గోడ అంగుళం జరగలేదు.
జరిగినవి హద్దులు.
తూర్పు: గుర్రాల సాల, తర్వాత జట్కా స్టాండు, తర్వాత పెట్రోలు బంకు.
దక్షిణం: సర్కారు కుంట. పూడ్చిన కుంట.
ఆ తర్వాత కుంట అన్న మాటే లేదు, అరవై అడుగుల రోడ్డు.
పడమర గోడవతల గులాబీలు పెంచిన మిస్సమ్మ
మూడు పత్రాల్లో బతికి నాలుగోదానిలో లేదు.
ఉత్తరం మాత్రం నూట పాతికేళ్ళుగా "ఖాళీ స్థలము."

ఖాళీ స్థలంలో నిన్న
ఒకావిడ స్టవ్ మీద సంగటి గెలుకుతోంది.
పేరు మునెక్క. వాళ్ళవ్వ కూడా అక్కడే గెలికిందట.
దొర గుర్రాలకి గడ్డి కోసినవాళ్ళు వాళ్ళు.
"ఎవరొచ్చినా కొలత టేపు మా తలుపుకి కట్టి
అటుపక్కకే లాగుతారు సామీ," అంది.

ఇప్పుడు కొంటున్నతను కుర్రాడు, మర్యాదస్తుడు.
ఇల్లు పడగొట్టి పద్నాలుగు అంతస్తులు లేపుతాడు.
పైన ఫైబరుతో అచ్చం ఇలాంటి పళ్ళే పెడతాడట.
శుక్రవారంలోగా చిత్తుప్రతి కావాలన్నాడు,
పాతదే దించెయ్యండి అన్నాడు.

తూర్పు దించాను. దక్షిణం, పడమర దించాను.
ఆచంద్రార్కం కూడా దించాను, అలవాటు కొద్దీ.
ఉత్తరం దగ్గర
మునెక్క ఇల్లు, అని రాశాను.

కొట్టేస్తారు, తెలుసు.
కానీ కొట్టివేత కింద మాట చదవడానికి వీలుగా ఉండాలి,
ఒక్క గీతే గియ్యాలి, అది మా వృత్తి నియమం.
పత్రం అడుగున లెక్క కూడా రాసిపెట్టాను ముందే:
కొట్టివేతలు, ఒకటి.