గాడిద పొట్ట కింద

లిమాలో గొడుగులమ్మే కొట్టు వెతక్కండి.
ఇళ్ళకు చూరుల్లేవు, వీధులకు కాలువల్లేవు.
వాన రాదని నమ్మి కట్టుకున్న ఊరు.
రాలేదు కూడా.

వచ్చేది గరూవా.
కురవదు, వెలవదు.
ఎదురుగా నిలబడి ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ
మొహాన తుంపర్లు పడేసినట్టు
తుడుచుకుందామంటే మొహమాటం,
ఊరుకుందామంటే చిరాకు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం
గాడిద పొట్ట రంగంటారు మావాళ్ళు.
ఆ మాట పుట్టించినవాడు
ఎప్పుడో ఒకసారి గాడిద కింద పడుకునే ఉంటాడు.
నేనైతే నలభయ్యేళ్ళుగా పడుకునే ఉన్నాను.

గుట్ట మీద నూట పన్నెండో మెట్టు మా ఇల్లు.
నీళ్ళ లారీ ముప్పయ్యో మెట్టు దగ్గరే ఆగిపోతుంది.
గాలిని పిండితే బిందెడు నీళ్ళు,
నీలం పీపాలోకి మాత్రం
డబ్బులిచ్చి పోయించుకోవాలి.
"లారీవాడు గాలిని పిండే తెస్తాడా అమ్మా?"
అనడిగాడొకసారి మా యేర్సన్.
లెక్కలు చేసుకోమన్నాను.

బట్టలుతికి బతుకుతానని చెప్పుకుంటాను గానీ
ఉతికినందుకు ఎవరిస్తారు డబ్బులు?
ఆరబెట్టినందుకిస్తారు.
ఫ్రిజ్ వెనక వెచ్చటి చువ్వలకు మేజోళ్ళు,
ఉడికే గిన్నె మూత మీద చేతిరుమాళ్ళు,
బల్బు చుట్టూ ఒక కాలరు, కమిలిపోకుండా
పక్కనే నా కాపలా.
ఎందుకూ లొంగని చొక్కాల్ని
పరుపుకీ దుప్పటికీ నడుమ పరిచి
వాటి మీద నేను పడుకుంటాను,
మడత పడకుండా, మసలకుండా.
నా వీపు వేడికి ఆరిన చొక్కాతో
తెల్లారి బారెనెచేయా గారు
బ్యాంకు కిటికీ వెనక కూర్చుని నోట్లు లెక్కపెడతారు.
ఆయనకు తెలీదు.
ఆవిడకు అనుమానమేమో,
ఈమధ్య సబ్బు మార్చమంది.

పక్కింటి ఎడువీహెస్ ముసలమ్మ
కొండల మీంచి దిగొచ్చిన మనిషి.
"మా అయకూచోలో వానంటే
ఉరిమి, చెప్పి మరీ వచ్చేది.
పని చూసుకుని పోయేది.
ఇదేంటి? అప్పులవాడల్లే గుమ్మంలో నిలబడుతుంది,
నోరు విప్పదు!"
ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసి,
మోకాళ్ళకు కర్పూరం రాసుకుని,
సెలెస్తీనో బండి గంట కోసం చెవులు రిక్కించి కూర్చుంటుంది.
ఇద్దరికీ కలిపి ఒకే గ్లాసు ఎమోలియెంతె.
బార్లీ, అవిసె గింజల జిగురు, నిమ్మరసం, పొగలు.
ముందు చేతులకు, తర్వాతే నోటికి.

మొన్న మంగళవారం, పదకొండూ నలభైకి,
ఇరవై మూడు రోజుల తర్వాత
ఎండ వచ్చింది.

మెట్ల మీద నీడలు పడ్డాయి.
కుక్కలు వాటిని వాసన చూశాయి.
పరుపులు, బూట్లు, బూజుపట్టిన భూగోళం పుస్తకం,
ఉల్లిపాయల బస్తా, కుర్చీతో సహా ఒక తాతగారు,
గుట్ట గుట్టంతా బయటికొచ్చి పడింది.
ఎడువీహెస్ ఒక్కతే లోపల్నించి అరిచింది:
"నా చెప్పులు దొరికేలోగా పోతుంది, చూస్తూండు!"

నా చేతుల్లో పదకొండు తడి చొక్కాల తొట్టి.
తీగ రెండడుగుల దూరం.
ఏమైందో,
తొట్టి దించి మెట్టు మీద కూర్చుని
కాళ్ళు చాపాను.
వేళ్ళ సందుల్లో చర్మం
నానిన శనగపప్పులా తెల్లగా ఉబ్బి ఉంది.
ఇన్నాళ్ళూ చూడనేలేదు.
బొటనవేలు ఆడించాను. దాని నీడ కూడా ఆడింది.

తొమ్మిది నిమిషాలు.
గాడిద మళ్ళీ వచ్చి మా మీద నిలబడింది.

బడి నుంచొచ్చిన యేర్సన్ తొట్టి చూశాడు,
నన్ను చూశాడు,
ఏమీ అనలేదు.
ఆ రాత్రి నాలుగు చొక్కాలు నా కింద, మూడు వాడి కింద,
మిగతావి ఫ్రిజ్ వెనక.
చీకట్లో చాలాసేపయ్యాక
"అమ్మా, పక్కకి తిరగొచ్చా?" అన్నాడు.
తెల్లారేదాకా వద్దన్నాను.