చీకటి రాత్రుల లెక్క

విక్టోరియా సరస్సు ఒడ్డున మా రేవుకి
ఆస్పత్రంటే ఒక గది, ఒక బల్ల, గోడ మీద బల్లి.
నర్సు పెరిస్ మోరా నా పేరు రాసుకుంది:
నెరియా అచోలా. ముప్పై రెండేళ్లు. వృత్తి, చేపల బేరం.
డబ్బు కాక ఇంకేం ఇచ్చి కొంటావని అడగలేదు.
పడవవాడికి చేప ఎవరికివ్వాలో తెలుసు,
నాకు చేపకి ఏమివ్వాలో తెలుసు.
దానికి మా రేవులో ఒక పేరు కూడా ఉంది.
పేరు పెట్టాక ఏదైనా అలవాటైపోతుంది.

వేలు గుచ్చింది. ఇద్దరం గడియారం వైపు చూశాం.
ఒక్క గీత. ఒక్కటంటే లేదని.
"లేనప్పుడే రాకుండా చూసుకోవాలి" అంటూ
బల్ల మీద సరుకు పరిచింది, సంతలో నేను పరిచినట్టే.

ముందు మాత్ర. రోజుకొకటి.
"మానకుండా వేసుకుంటే గట్టి గోడ."
సీసా ఊపాను. గలగల.
నా గోడలు రేకువి. అవతల కెజియాకి నిద్రపట్టదు.
ఆ చప్పుడు ఊరందరికీ తెలుసు,
జబ్బున్న ఇళ్లలోంచి వచ్చే చప్పుడు.
రాకుండా ఆపేదీ, వచ్చాక నిలబెట్టేదీ
ఒకే గొంతుతో మాట్లాడితే
కెజియాకి తేడా ఏం తెలుస్తుంది?

తర్వాత రింగు. మెత్తగా వంగింది వేళ్ల మధ్య.
నెలంతా లోపలే ఉంటుంది.
"వాడికి తెలుస్తుందా?"
"చాలామందికి తెలియదు."
"కాపాడుతుందా?"
పెరిస్‌కి అబద్ధం చేతకాదు, కాస్త ఆగింది.
"కొంత. మాత్రంత కాదు."
చిరిగిన వలతో చేపలు పట్టాను నేను.
అసలు వలే లేని రోజులూ చూశాను.

మూడోది సూది. రెండు నెలలకొకసారి పిరుదులోకి.
ఇంట్లో దాచాల్సిందేమీ లేదు, ఒళ్లే దాచుకుంటుంది.
ఆడవాళ్ల మీద చూసినప్పుడు మాత్ర కన్నా ఇదే మేలని తేలిందట.
"మాత్రలో పస తక్కువా?"
"పస ఉంది. కానీ మాత్ర సీసాలోనే ఉండిపోతుంది.
సూదికి ఆ తీరిక లేదు."
నవ్వాం. బల్లి కదిలింది.

కండోమ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు,
చవక, మిగతా రోగాల్నీ కడుపునీ కూడా ఆపుతుంది.
కానీ అది వాడి చేతిలో పని,
వాడు తాగొచ్చిన సారా చేతిలో పని.
"నాకు సున్తీ అయింది, భయం లేదు" అంటాడు ఒలాంగో.
ఆ కోత వాడికి కొంత కాపు, నాకు కాదంది పెరిస్.

అప్పుడు మా అక్క దోర్కా గుర్తొచ్చింది.
ఏడేళ్లుగా మందులు వేసుకుంటోంది.
రక్తం తీసి వెతికితే వైరస్ జాడ కనబడదు,
కనబడనంత కాలం ఆమె పక్కలో ఎవరికీ రాదు.
బావకి రాలేదు. ఇద్దరు పిల్లలకీ రాలేదు.
రేవు మొత్తంలో అంతకంటే భద్రమైన పడక లేదు.
అయినా అక్క వండిన ఉగాలి
చేత్తో ముట్టనివాళ్లున్నారు.

"ఏది కావాలి నీకు?"
ఏది మంచిదని అడగలేదు, ఏది కావాలనే అడిగింది.
నా క్యాలెండర్ వేరు, పెరిస్.
వెన్నెల్లో ఓమెనా పడదు.
చీకటి రాత్రుల్లోనే పడవలు దీపాలెత్తుకుని వెళతాయి,
తెల్లారి ఒడ్డుకొచ్చి బాకీ అడుగుతాయి.
సూది అయితే రెండు అమావాస్యలు నిశ్చింత.
"సూదే" అన్నాను.

"స్టాకు లేదు. వచ్చే నెల రా."

మరి బల్ల మీద ఎందుకు పెట్టావనబోయి
ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.
బల్ల మీద లేనిదింకోటి ఉంది:
నా పేరు రాసిన పడవ.
దానికి చీటీ ఏ నర్సూ రాయదు.

చివరికి మాత్రలే.
పెరిస్ దూది తుంచి సీసాలోకి కూరింది,
ఊపింది, ఇంకాస్త కూరింది,
నా చెవి దగ్గర పెట్టి మళ్లీ ఊపింది.
ఏమీ వినబడలేదు.
గుప్పెడు కండోమ్‌లు కూడా సంచిలో పడేసింది,
ఏమో, ఒక్కోసారి ఒలాంగో తాగకుండా రావచ్చు.

దారిలో ఎండుచేపల మీంచి కాకుల్ని తోలాను.
రాత్రి ఉప్పుడబ్బా మూత తీశాను.
సరస్సు మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.
మొదటి మాత్ర చేదుగా లేదు.
కెజియా దగ్గింది అవతల,
నేను నీళ్లు తాగాను, మెల్లగా.