తలల లెక్క

పొద్దున ఏడింటికే వాన.
హ్వేలో వాన పడి పోదు, కాపురముంటుంది అని
గైడు పిల్ల ఉయెన్ నవ్వి
తలా ఒక పల్చటి ప్లాస్టిక్ కోటు పంచింది.
పసుపు, గులాబి, చిలకపచ్చ -
పదకొండు మందిమి, చుట్టు విప్పని చాక్లెట్లలా
వ్యాన్‌లో కూలబడ్డాం.

నా పక్కన కాంతో నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు.
పెద్దామె పేరు నాలుగు. చిన్నామె పేరు ఏడు.
వాళ్ళ వైపు పుట్టిన వరసే పిలుపట,
అదీ రెండు నుంచి మొదలుపెట్టి.
"మరి ఒకటి ఏమైంది?"
"దిష్టికి తీసేశాం" అంది ఏడు,
ఉయెన్ తర్జుమా పూర్తి కాకుండానే
తనే పడీపడీ నవ్వింది.

దారంతా నాకు అంకెలు నేర్పారు
వేళ్ళు ముడిపించి, తప్పితే మోచేత్తో పొడిచి.
నమ్ అంటే ఐదు. సావ్ అంటే ఆరు.
బయ్, నేనే. తామ్, ఎనిమిది.
సావు అన్న మాటకి మా ఇళ్ళల్లో వేరే అర్థముందని
చెప్పబోయి, పొద్దున్నే ఎందుకులే అని
కిటికీ అద్దం తుడుచుకున్నాను.
నాలుగుకీ ఏడుకీ మధ్య ఐదూ ఆరూ ఏరని
అడగాలని కూడా తోచలేదు.

బతికుండగానే రాజులు కట్టించుకున్న సమాధులు చూశాం.
ఒకాయన పగిలిన పింగాణీ, సీసా పెంకులు అతికించి
గోడ నిండా పూలు పూయించాడు.
నామ్ దిన్ నుంచి వచ్చిన రైల్వే పెద్దాయన, లోక్ గారు,
జేబు టార్చి వేసి పెంకు పెంకూ చూస్తూ వెనకబడేవాడు.
ప్రతి గుమ్మంలో ఉయెన్ గొడుగు కొసతో మమ్మల్ని లెక్కపెట్టేది:
పది. మళ్ళీ పది.
అదుగో వస్తున్నాడు, పదకొండు.

మధ్యాహ్నం చల్లన్నంలో గోరంత ఆల్చిప్పలు.
కారం మాత్రం గుంటూరుకి మేనత్త వరస.
డెన్మార్క్ కుర్రాడు ఏడ్చి, ముక్కు చీది,
ఇంకో గిన్నె అడిగాడు.

తర్వాత కోట.
అందరం కంచు గంగాళాల చుట్టూ మూగి
వాటి మీద పోతపోసిన ఏనుగునీ పనసచెట్టునీ ఫోటో తీస్తుంటే
లోక్ గారు గోడ దగ్గరికి పోయి
ఇటుకలోని ఒక గుంటలో చూపుడువేలు పెట్టి
అలాగే నిలబడ్డాడు,
తాళంచెవి ఎక్కడో మరిచొచ్చిన మనిషిలా.

పిలవడానికి ఏడు వెళ్ళింది. వెనకే నాలుగు.
ఆయన ఏదో అన్నాడు.
అందులో నాకు తెలిసినవి మూడే మాటలు:
నమ్, సావ్, తామ్.
ఐదు, ఆరు, ఎనిమిది.
మధ్యలో ఏడు ఏదీ?
ఏడు ఇక్కడే ఉంది, టోపీ జారి, వానలో తడుస్తూ.
ఆమె చెయ్యెత్తి గోడ అవతలికి చూపించి
ఒక్క మాటంది: సావ్.

రాజుల పెళ్ళాల సంఖ్య దాకా తర్జుమా చేసిన ఉయెన్
నోరు తెరిచింది. మూసేసింది.
గొడుగు కూడా ఎత్తలేదు.

చాలాసేపటికి నాలుగు సంచి విప్పి
పళ్ళకి అతుక్కునే నువ్వుల మిఠాయి తీసి
లోక్ గారి అరచేతిలో పెట్టింది.
ఆయన తినలేదు. గుప్పిట ముయ్యలేదు.
నువ్వుల మీద వాననీళ్ళు పడుతూనే ఉన్నాయి.

సాయంత్రం పడవలో ముగ్గురూ ఒకే బల్ల మీద కూచున్నారు.
ఎవరూ ఎవరినీ క్షమించినట్టు కనబడలేదు.
చలికి దగ్గరగా జరిగారు, అంతే.
ఏడంతస్తుల గోపురం పక్కనుంచి పోతుంటే
అంతస్తులు మాత్రం ఆయనే లెక్కపెట్టాడు, పైకి,
బయ్ దాకా వచ్చి ఆగాడు.

రాత్రి హోటల్ కౌంటరు కుర్రాణ్ణి అడిగాను.
నమ్ అంటే ఐదే కాదు, సంవత్సరం కూడా అన్నాడు.
నమ్ సావ్ తామ్:
అరవై ఎనిమిదో ఏడు.

మా భాషలోనూ అంతే, అంకెకీ సంవత్సరానికీ ఒకటే మాట,
కాకపోతే మీకు ఐదు, మాకు ఏడు అని
అతనికి చెప్పాను.
ఏడుకి మాకు ఇంకో అర్థముందని
చెప్పలేదు.