వేబ్రిడ్జి దగ్గర ఎద్దు

రాత్రి పదకొండు దాటాక చీమకుర్తి రోడ్డు మీద
లారీకీ లారీకీ మధ్య ఇరవై నిమిషాలు నావి.
తూకం చీటీల ప్రింటరు పక్కన
మూల పగిలిన లాప్‌టాప్‌లో
ముప్పై రెండు గడుల పొడవు, ముప్పై రెండు గడుల ఎత్తు.
బండలాగుడు ఆట కోసం
అందులో ఒక ఎద్దు పట్టాలి,
కొమ్ములూ మూపురమూ గంగడోలుతో సహా.

ముందు గీత గీయను. మచ్చ వేస్తాను.
నల్లగా ఒక్క ముద్ద.
కుర్చీ వెనక్కి జరిపి, కళ్లు చికిలించి చూస్తాను.
ముద్దలోనే ఎద్దని తెలిస్తే మిగతా పని ఉంది.
తెలియకపోతే అది గేదె, కాకపోతే సోఫా.
మొదటి వారమంతా సోఫాలే వేశాను.

మూపురం దిగే చోట
నాలుగు, రెండు, ఒకటి, ఒకటి అని గడులు జారితే వంపు.
నాలుగు, ఒకటి, రెండు అని తడబడితే
కంకర లారీలు తిరిగే మా రోడ్డు.
మధ్య రంగు పూసి ఆ గతుకు కప్పెట్టబోయాను,
మసకేసింది.
చెరిపి, వేళ్ల మీద లెక్కపెట్టి దింపాను.

తెల్ల ఎద్దుకి తెలుపు వాడకూడదని
తెలియడానికి ఒక ఎండాకాలం పట్టింది.
నీడకి బూడిద రంగు పెడితే కడగని ఎద్దయింది.
వెన్ను మీద కొంచెం పసుపు,
పొట్ట కింద వంగపువ్వు రంగులో రెండు వరసలు.
మధ్యలో మిగిలిన లేత గోధుమని చూసి
తెలుపంటారు అందరూ.
మొత్తం ఏడు రంగులు.
ఎనిమిదోది అడిగితే కంటికి కూడా ఇవ్వలేదు.

బండకి మాత్రం మా ఊరి రాయే.
పదహారు గడుల నల్ల పలక, లోపల బంగారు నలకలు.
పలక పక్కన పలక పేర్చగానే
బాగా మెరిసే నలక ఒకటి వరసలు కట్టి
గళ్ల లుంగీలా నన్ను పట్టిచ్చింది.
అన్నిటికంటే అందమైన ఆ నలకనే తీసేశాను.

నాలుగు బొమ్మల నడక తిప్పి చూస్తున్నాను.
వాచ్‌మన్ మాలకొండయ్య టీ గ్లాసుతో
కిటికీలోంచి తొంగి చూశాడు.
ఒకప్పుడు పందేల ఎడ్లు మేపిన మనిషి.
"అమ్మాయ్ షంషాదూ, ఇదేం నడక?
ముందు కాలు లేచిన జాగాలోనే ఎనక కాలు పడాల.
నీది యాడబడితే ఆడ ఏస్తంది."
కిటికీ గట్టు మీద వేళ్లని గిట్టలు చేసి నడిపించాడు.
ఎనిమిది గడులు మార్చాను.
"ముల్లుకర్ర పట్టినోడేడీ?"
జాగా లేదన్నాను.
"మంచిదే" అని టీ ఊదుకున్నాడు.

నడక కుదిరింది. బండకే బరువు రాలేదు.
అట్టపెట్టె లాగుతున్నట్టుంది ఎద్దు.
బండ పెంచాను. పెద్ద అట్టపెట్టె అయింది.
రోజూ టన్నులు తూచేదాన్ని,
ఇరవై కిలోల తేడాకి డ్రైవర్లతో పోట్లాడేదాన్ని,
గడిలో ఒక్క కిలో పెట్టలేకపోయాను.

ఒంటిగంటకి లారీ ఎక్కింది.
ఒకటే దిమ్మె, గొలుసులు వేసి.
మీటరులో ఎర్ర అంకెలు,
నలభై ఒక్క వేల రెండొందల అరవై, ఎనభై,
మళ్లీ అరవై, ఎనభై.
ఇంజను ఆపేశారు. గాలి కూడా లేదు.
అయినా చివరి అంకెలు నిలబడవు.

"చీటీ ఇవ్వమ్మా."
"ఒక్క నిమిషం అన్నా."

కాళ్లు కదపలేదు.
మూపురం మీద ఒక్క గడి పైకి, కిందికి,
పైకి, కిందికి.
ముక్కుతాడు దగ్గర ఒకటి చెరిపి, పెట్టి.
మూడో బొమ్మని మూడింతలు ఆపి ఉంచాను.
ఆ తర్వాతే బండని జరిపాను,
ఒక గడి.

మాలకొండయ్య చాలాసేపు చూశాడు.
గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.
"దానికి కాసిని నీళ్లు చూపించమ్మే" అన్నాడు.

నా ఏడు రంగుల్లో నీలం లేదు.
బయట లారీ హారన్ కొడుతోంది.