అరచుట్టు వదులు

రెడిచ్‌లో, సూదుల ఫ్యాక్టరీల వెనక
రేకుల షెడ్డులో మా బెంచీ.
కిటికీ అద్దాలకి నూనె జిడ్డు. జనవరి వెలుతురు
వాటిలోంచి దిగేసరికి పల్చటి మజ్జిగ.

ఆ ఏడు మాకప్పగించిన పని: పిల్లల రోలర్ స్కేట్లు.
బూటు మీదే కట్టుకునే రకం.
మడమకో పలక, మునివేళ్ళకో పలక,
ఒకదాని మీదొకటి జారుతుంటే మధ్య గాడిలో ఒక బోల్టు.
పాదం పెరిగితే తాళంచెవి తిప్పి పలక లాగడమే.
రెండేళ్ళు వస్తాయని పెట్టె మీద అచ్చు.
రెండు వీధులైనా రావట్లేదని ఉత్తరాలు.

ఫోర్‌మన్ సిరిల్ టాండీ ఉత్తరాలు చదవడు, లెక్కపెడతాడు.
"నలభై ఒకటి," అన్నాడు. "అన్నిట్లోనూ ఆ నట్టే."

ఒక స్కేటుని వైసులో బిగించి
దాని చక్రాలకి తిరిగే సాన ఆనించాను, గంటసేపు.
ఎవరూ ముట్టుకోకుండానే నట్టు
తనంతట తాను వెనక్కి తిరగడం చూశాను,
సభలోంచి చప్పుడు కాకుండా లేచిపోయే మనిషిలా.

స్ప్రింగు వాషర్ వేశాం. అదీ వారానికి అలిసిపోయింది.
అప్పుడు పలకలు రెండిటికీ రంపంలా పళ్ళు కోశాను.
ఒకదాన్నొకటి కొరికి పట్టుకుంటే ఇక వదలవు,
బరువు మోసేది పళ్ళే, బోల్టు కాదు.
టాండీ సుత్తితో కొట్టాడు. కదల్లేదు.
టీ తెప్పించాడు, తన డబ్బుల్తో.

క్యాంటీన్ ఎడ్నా ప్రోబర్ట్ కూతురు గ్లెనిస్
మా పరీక్షాధికారి. తొమ్మిదేళ్ళు. జీతం బిస్కట్లు.
గోదాము వెనక వాలు మీద మూడుసార్లు దిగింది,
మూడుసార్లూ ఎడమ పక్కకే పడింది.
మోకాలు చూపించింది గానీ ఏడవలేదు.
"ఇది నన్ను పట్టుకోవట్లేదు," అంది. "కరుస్తోంది."

సుద్దముక్కతో నేల మీద పాదాలు గీశాం.
కుడిదానికన్నా ఎడమది పొడుగు, ఒక బియ్యపు గింజంత.
నేను కోసిన పన్నుకీ పన్నుకీ మధ్య రెండు గింజలు.
ఈ పన్ను దగ్గర బిగుతు, ఆ పన్ను దగ్గర వదులు.
నేను కొలత పెట్టని చోటే
ఆ పిల్ల పాదం పెరుగుతోంది.

ఆ రాత్రి అద్దెగదిలో, గ్యాసు మీటర్లో షిల్లింగు వేసి కూచున్నాక
ఒక మాట నన్ను వదల్లేదు.
నట్టు వదులైతే మేం ఆడుతోందంటాం.
పిల్ల వీధిలో ఉన్నా ఆడుతోందనే అంటాం.
ఊపిరి ఆడాలి. చెయ్యి ఆడాలి. గానుగ ఆడాలి.
ఆడుకోవడానికే కొనే వస్తువులో
ఏదీ ఆడకూడదని వారం రోజులు
పళ్ళు నూరాను.

పొద్దున్నే వెళ్ళి పళ్ళు సన్నం చేశాను,
వేలు రాస్తే పిల్లి నాలుకలా తగిలేదాకా.
ఎడమ స్కేటు అంకె ఎడమదే, కుడిది కుడిదే.
నట్టు లోపల నైలాను ఉంగరం:
ఒరుసుకుంటూ ఎక్కుతుంది,
దిగాలంటే తాళంచెవిని అడగాల్సిందే.
ఇరుసు దగ్గరి రబ్బరు దిమ్మని మాత్రం
బిగించి, మళ్ళీ అరచుట్టు వెనక్కి తీశాను.
పిల్ల ఎటు వంగితే ఇరుసు అటు మళ్ళాలి.

టాండీ చేత్తో ఊపి చూశాడు. "లూజు."
"అవును," అన్నాను. "కొలిచే ఉంచాను."
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత డ్రాయింగు మీద ఆ అరచుట్టు దగ్గర
పెన్సిల్‌తో సున్నా చుట్టాడు, తప్పుకి చుట్టినట్టే.
అది ఒప్పుకోవడమని
నాకు శుక్రవారం దాకా తెలీదు.

గ్లెనిస్ వాలు దిగింది. ఎడమకి వంగింది.
స్కేటు తనతోబాటు వంగింది.
మలుపు తిరిగింది, కనపడలేదు.
చక్రాల చప్పుడు కొంతసేపు, తర్వాత అదీ లేదు.

బిస్కట్ల డబ్బా మూత తీసి పట్టుకుని
ఎడ్నా, టాండీ, నేనూ
గోదాము వెనక చలిలో నిలబడ్డాం.
తాళంచెవి ఆ పిల్ల మెడలోనే ఉంది.